కూర్చుంటే రాని క్రిస్మస్ పాట

2019 డిసెంబర్ 2, సోమవారం, ఉదయం పదీ నలభైకి అయిదుగురు ఆడవాళ్లు ఆయాసపడుతూ దిల్‌సుఖ్‌నగర్‌లోని మా రేడియో స్టేషన్ మెట్లెక్కి వచ్చారు. అందరికంటే వెనక, గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ వచ్చినామె రాహేలమ్మ. డెబ్బై దాటిన మనిషి. పైకి రాగానే ఆమె అన్న మొదటి మాట: "గింత మీద పెట్టిన్రేంది రేడియో? ఎవ్వరూ రావొద్దనా?"

ఆ రోజు మొదలైన పని క్రిస్మస్ రోజుకు ముగిసింది. ఇరవై తొమ్మిదేళ్లు రేడియోలో పని చేశాను. మంచివి అని చెప్పుకోదగ్గ కార్యక్రమాలు ఓ పదిహేను చేసి ఉంటాను. వాటిలో ముందుగా చెప్పుకోవాల్సింది ఇదే. ఇందులో జరిగిన నష్టం కూడా మిగతా వాటన్నిటికంటే పెద్దది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం దీని గురించే రాస్తున్నాను.

ఏ బస్సుకొచ్చారు?

మా ట్రాన్స్‌మిటర్ చిన్నది. మలక్‌పేట నుంచి హయత్‌నగర్ అంచు దాకా, ఇటు అల్మాస్‌గూడ దాకా వినపడేది. మధ్యలో ఎత్తైన అపార్ట్‌మెంటు అడ్డొస్తే అదీ లేదు. ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో రెండు గదులు మావి. స్టూడియో గోడలకు పాత బొంతలు కొట్టి, వాటి మీద నల్లగుడ్డ వేశాం. రికార్డింగ్ సమయంలో ఏసీ ఆపేవాళ్లం. కింద పిల్లలు క్లాసు మారేటప్పుడు మెట్ల మీద తొక్కిడి మొదలైతే, అది ఆగేదాకా టీ తాగేవాళ్లం.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని పిల్లలు నన్ను అడుగుతుంటారు. ఏదైనా పరవాలేదు, వారంలో వచ్చేస్తుంది. త్వరగా రాని విద్య ఒకటుంది. మనిషి తన ఇంట్లో ఎలా మాట్లాడుతుందో మైకు ముందూ అలాగే మాట్లాడేలా చూడటం. అంతకుముందు నేను పనిచేసిన పెద్ద రేడియోలో నా మొదటి పై అధికారి, మనిషి వచ్చి కూర్చోగానే "చెప్పండి" అనేవాడు కాదు. "ఏ బస్సుకొచ్చారు?" అని అడిగేవాడు. సిటీ బస్సును తిట్టని మనిషి హైదరాబాద్‌లో లేడు. ఆ తిట్లతో గొంతు తెరుచుకునేది. అప్పుడు టేపు తిప్పమని కళ్లతోనే సైగ చేసేవాడు. ఆయన నాకు మరేమీ నేర్పలేదు. నేర్పాల్సిన పని కూడా లేకపోయింది.

ప్రతి ఏడాదీ అవే గంటలు

డిసెంబర్ వచ్చిందంటే ప్రతి స్టేషన్‌లోనూ అవే గంటలు, అదే పిల్లల బృందగానం, చివర్లో ఒక పెద్దమనిషి శాంతి సందేశం. మేమూ పదేళ్లు అదే వేశాం. మా దగ్గరకు ఉత్తరం వచ్చింది లేదు, ఫోను వచ్చింది లేదు. వినేవాళ్లు లేని కార్యక్రమాన్ని మర్యాద కోసం నడపడం నాకు నచ్చదు. ఆ నవంబర్‌లో మా డైరెక్టర్ విశ్వనాథం గారితో ఈసారి గంటలు వద్దన్నాను.

విశ్వనాథం గారు గుడివాడ వైపు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడినవారు. ఇంజినీరు. శబ్దం విషయంలో ఆయన చెవి నా చెవికంటే మంచిది. మనుషుల విషయంలో నాదే మంచిది.

"గంటలు లేకపోతే క్రిస్మస్ అని ఎలా తెలుస్తుందండీ?" అన్నారాయన.

"తెలిసేలా పాడేవాళ్లను తెస్తాను," అన్నాను. నిజానికి అప్పటికి నా దగ్గర ఎవరూ లేరు.

వారం తర్వాత ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ కింద ఒక టిఫిన్ బండి దగ్గర దొరికారు. బండామె పెనం మీద దోసె తిప్పుతూ లోలోపల ఏదో పాడుకుంటోంది. ప్రతి లైను చివర 'ఉయ్యాలో' వినపడింది. మాది పోచంపల్లి చేనేత కుటుంబం. ఆ వరస నా రక్తంలో ఉంది.

"బతుకమ్మ పండగ అయిపోయి నెల దాటింది కదమ్మా," అన్నాను.

"గిది బతుకమ్మ పాట గాదు మేడమ్. ఏసయ్య పుట్టిన పాట. మా అత్త కట్టింది."

ఆమె పేరు సువార్తమ్మ. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చిన కుటుంబం, అల్మాస్‌గూడలో కిరాయికి ఉంటారు. ఊళ్లో ఉండగా క్రిస్మస్ రాత్రి ఆడవాళ్లంతా చర్చి ముందు వలయంగా తిరుగుతూ, చప్పట్లు కొడుతూ ఆ పాట పాడేవాళ్లట. ఇక్కడి చర్చిలో కీబోర్డు, ప్యాడ్లు వచ్చాక అందరూ కూర్చుని పుస్తకం చూసి పాడాలన్నారు. అలా ఆగిపోయింది.

నాకోసం రెండు చరణాలు పాడింది. చట్నీ గిన్నె మీద ఈగలను తోలుతూనే పాడింది.

"పశువుల కొట్టంల ఉయ్యాలో
పసిబిడ్డ ఏడ్చెనే ఉయ్యాలో
పొరుగింటి ముసలమ్మ ఉయ్యాలో
పొయ్యి రాజేసెనే ఉయ్యాలో"

ముగ్గురు జ్ఞానులు బంగారం తెచ్చారు గానీ బాలింతకు ఇంత వెల్లుల్లి కారం తెచ్చినవాడు లేడని ఇంకో చరణంలో ఉంది. అది వింటుండగా నా దోసె చల్లారిపోయింది. క్రిస్మస్ గురించి నేను విన్న వాటిలో ఒక ఆడమనిషి వంటింట్లో నుంచి చెప్పినది అదొక్కటే.

కొంగు ముడి

అలా డిసెంబర్ 2న రాహేలమ్మ, ఆమె కోడళ్లు సువార్తమ్మ, మార్తమ్మ, వాళ్ల ఊరివాళ్లే ఇంకో ఇద్దరు స్టూడియోకు వచ్చారు. రాహేలమ్మ కుర్చీలో కూర్చుని ముందే ఒక మాట చెప్పింది.

"పాట మొత్తం ఇరవై ఒక్క చరణాలు. రెండు గీళ్లకు తెల్వయి. నా దగ్గరనే ఉన్నయి. నేను పోకముందుగాల మొత్తం పట్టుకోండ్రి. గందుకే ఇన్ని మెట్లెక్కిన."

వాళ్ల వైపు అదొక పద్ధతట. పాట కట్టినామె రెండు చరణాలు కొంగున ముడేసుకుంటుంది. అంటే ఎవరికీ నేర్పదు. వలయంలో తన వంతు వచ్చినప్పుడు తనే పాడుతుంది. మిగతావాళ్లు 'ఉయ్యాలో' మాత్రమే అంటారు.

"మొత్తం నేర్పిస్తే పండగనాడు నన్నెవరు పిలుస్తరు?" అంది రాహేలమ్మ.

"ముప్పై ఏండ్ల సంది కాళ్లు పిసుకుతున్న. రెండు చరణాలకు నమ్మకం రాలే అత్తకు," అంది సువార్తమ్మ.

"కాళ్లు పిసికినందుకు కాళ్లకే నమ్మకమొచ్చిందే. నోటికి రావాలె గద."

స్టూడియోలో నవ్వులు. గొంతులన్నీ తెరుచుకున్నాయి. ఇక దక్కినట్టే అనుకున్నాను.

విశ్వనాథం గారు రాహేలమ్మను మైకుకు జానెడు దూరంలో కూర్చోబెట్టారు. మిగతా నలుగురినీ వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. చప్పట్లు వద్దన్నారు, చప్పుడుకు మీటరు ముల్లు ఎర్రలోకి పోయి పాట పగులుతుందని. ఎర్ర లైటు వెలిగింది. మూడు చరణాలు చక్కగా వచ్చాయి. నాలుగో దాని మొదట్లో రాహేలమ్మ ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. అక్కడే ఆగింది. కోడళ్లు అందిద్దామని చూశారు, వాళ్లకూ రాలేదు. నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. మూడోసారి ఆమె రెండో చరణం దగ్గరే తడబడింది.

"నిన్న రాత్రి గూడ మంచిగనే పాడిన," అంది. ముఖం చిన్నబోయింది.

"కంగారేం లేదమ్మా. ఇంటికెళ్లి ఎవరిచేతైనా కాగితం మీద రాయించుకోండి. వచ్చే సోమవారం రండి," అన్నారు విశ్వనాథం గారు. ఆయన మర్యాదగానే అన్నారు. వేళ మించిందని నేనూ సరేనన్నాను. ఈ పనిలో సర్వసాధారణంగా చెప్పే మాట అది: మళ్లీ రండి.

మా ఇంటి డైనింగ్ టేబుల్ చుట్టూ

గురువారం పొద్దున ఉప్మా కలుపుతూ, చిన్నప్పుడు పోచంపల్లిలో పాడిన బతుకమ్మ పాట ఒకటి గుర్తు చేసుకుందామని చూశాను. అయిదో లైను దాటలేదు. ఏళ్ల తరబడి ఏటా పాడిన పాట. స్టవ్ ఆపి, చీర కుచ్చిళ్లు దోపుకుని, డైనింగ్ టేబుల్ చుట్టూ వంగి లేస్తూ చప్పట్లు కొడుతూ తిరిగాను. మూడో చుట్టుకు పాట దానంతటదే వచ్చింది. ఆపుదామన్నా ఆగలేదు.

మా ఆయన పేపరు దించి చూశారు. "ఏందే, పొద్దుగాల్నే పూనకమా?"

"ఉప్మా మీరే వడ్డించుకోండి," అని చెప్పి స్టేషన్‌కు బయలుదేరాను.

విషయం ఇంతే. ఆ పాటల మాటలు అడుగుల్లో ఉంటాయి. ఒక అడుగు ముందుకు, ఒక వంగు, ఒక చప్పట, ఒక మాట. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి చేతులు కట్టేస్తే, పాట దాచుకున్న చోటు మూసేసినట్టే. బొంతలు కొట్టిన గదిలో కూర్చోబెడితే గొప్ప రికార్డింగ్ వస్తుందని మాకు నేర్పినవాళ్లెవరూ ఈ పాట పాడి ఎరగరు.

"తిరుగుతూ పాడితే గొంతు మైకుకు దూరం దగ్గర అవుతుందండీ," అన్నారు విశ్వనాథం గారు.

"మైకు మధ్యలో పెడదాం. బతుకమ్మను పెట్టే చోట. అయిదుగురూ దానికి సమాన దూరంలో ఉంటారు. మీరే లెక్క వేయండి."

కాగితం మీద వృత్తం గీసి చూశారు. "లెక్క సరిపోయింది. చప్పట్లో?"

"మైకు తల పైకెత్తండి. చప్పట్లు నడుము దగ్గర పడతాయి, పాట ముఖం దగ్గర ఉంటుంది."

ఒప్పుకున్నారు. ఆయనలో మంచి గుణం అది. లెక్క సరిపోతే అహం అడ్డుపెట్టరు. స్టూడియోలో అయిదుగురు తిరిగే చోటు లేదు కాబట్టి అల్మాస్‌గూడలో వాళ్ల ఇంటి డాబా మీదే రికార్డు చేద్దామనుకున్నాం. సువార్తమ్మకు ఫోను చేయబోయే లోపే, శనివారం సాయంత్రం ఆమె ఫోను వచ్చింది.

"మేడమ్, అత్త స్నానాల గదిల జారిపడ్డది. తుంటి ఇరిగింది. దవాఖానల ఆపరేషన్ కుదరదన్నరు. గుండె తట్టుకోదంట. మంచంల పండుకోబెట్టినం."

డాబా మీద

డిసెంబర్ 14, శనివారం. నాదర్‌గుల్ నుంచి శిక్షణ విమానాలు ఎగరకముందే పని అయిపోవాలని తెల్లవారకముందే డాబా ఎక్కాం. నీళ్ల ట్యాంకుకు, దండేనికి మధ్య చోటు. మధ్యలో మైకు స్టాండు. దాని కింద మార్తమ్మ ఒక పీట వేసి, పీట మీద నాలుగు బంతిపూలు పెట్టింది. ఎందుకని అడగలేదు. మా ఇళ్లలో బతుకమ్మ కింద పీట ఎందుకో అక్కడా అందుకే.

నలుగురు నిలబడ్డారు. అయిదో మనిషి నిలబడే చోటు ఖాళీగా వదిలి, ఆ చోటులోకి ఎవరూ జరగకుండా తిరగడం మొదలుపెట్టారు. సువార్తమ్మ ఎత్తుకుంది. స్టూడియోలో ఆగిన నాలుగో చరణం ఆగకుండా వచ్చింది. అయిదు, ఆరు, పది. చలికి ముక్కు కారుతున్నా నేను తుడుచుకోలేదు. ఆ చప్పుడు కూడా మైకులో పడుతుందని.

పద్నాలుగో చరణం తర్వాత మాటలు ఆగాయి. అడుగులు ఆగలేదు. నేను చెయ్యెత్తి సువార్తమ్మ వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. చప్పట్లు, అడుగులు, అడుగులు, చప్పట్లు. రెండు చుట్లు అలాగే తిరిగారు. మూడో చుట్టులో పదిహేడో చరణం ఎత్తుకున్నారు.

అయిపోయాక అడిగాను. "అవి అత్త వంతు మేడమ్. జాగ ఇడ్సిపెట్టినం," అంది మార్తమ్మ.

"వాటిలో ఏముందో అయినా గుర్తుందా?"

"ఒకటి గాడిదది. ఇంకోటి మరియమ్మ తల్లిది. తొలిచూలు కాన్పు తల్లిగారింట్ల కావాలె గద. పిల్ల గంత దూరం పోయి కొట్టంల కన్నది, తల్లి రాలేకపాయె. గా చరణం వచ్చినప్పుడల్లా తిరుగుకుంటనే ఏడుస్తుంటిమి."

"మాటలు?"

"మాటలు అత్తవి. మేం ఉయ్యాలో అనేటోళ్లం."

మంచం చుట్టూ

రాహేలమ్మ మంచం డాబా కింది గదిలోనే ఉంది. మేం దిగేసరికి కళ్లు తెరిచి ఉంది. అడుగుల చప్పుడు కప్పులోంచి ఆమెకు వినపడుతూనే ఉంది.

"పదకొండోది జర ఉరికిన్రే. మెల్లగ పాడాలె," అంది. తర్వాత నన్ను చూసింది. "ముడి ఇప్పుతా మేడమ్. ఇగ నాకెందుకు? మిషిను పెట్టుండ్రి."

పెట్టాను. కళ్లు మూసుకుంది. పెదాలు తడుపుకుంది. "గాడిద..." అంది. మళ్లీ "గాడిద..." అంది. చేతులు దుప్పటి మీద తట్టింది. ఏమీ రాలేదు. మంచం గది మధ్యకు జరిపాం. కోడళ్లు, మిగతా ఇద్దరు మంచం చుట్టూ తిరుగుతూ పద్నాలుగో చరణం పాడారు. ఆమె వంతు వచ్చింది. ఆమె నోరు తెరిచి, మూసి, నవ్వేసింది.

"నేను తిరగాలె గానీ మీరు నా సుట్టు తిరిగితే ఏమొస్తదే? నేనేమన్న బతుకమ్మనా?"

అందరం నవ్వాం. సువార్తమ్మ బయటికి వెళ్లి పంపు దగ్గర చాలాసేపు ముఖం కడుక్కుంది.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లాను. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. ఆమె కాళ్లకు బదులు చేతులు పట్టుకుని ఊపి చూశాం. గాడిద దగ్గరే ఆగేది. ఇంకేం చేయవచ్చో తెలిసినవాళ్లెవరైనా ఉంటే నాకు చెప్పండి. నాకు తెలిసినవన్నీ చేశాను.

రెండు చుట్లు

ఇక ఆ ఖాళీని ఏం చేయాలి? విశ్వనాథం గారు కత్తిరిద్దామన్నారు. లేదా కొత్తపేటలో పాటలు రాసే కుర్రాడున్నాడు, రెండు చరణాలే కదా, గంటలో రాసిస్తాడన్నారు.

"ఆమె బతికి ఉండగా ఆమె వంతు ఇంకొకరికి ఇవ్వను," అన్నాను.

"అలా వదిలేస్తే డెడ్ ఎయిర్ అవుతుందండీ. స్టేషన్ ఆగిపోయిందనుకుంటారు."

"అడుగులున్నాయి, చప్పట్లున్నాయి. అందులో చచ్చిందేమీ లేదు. ముందు నేనొక మాట చెబుతాను."

చెప్పాను కూడా. 'ఈ పాట కట్టిన రాహేలమ్మగారి వంతు మధ్యలో వస్తుంది, అప్పుడు మీరు అడుగులు వింటారు' అని. క్రిస్మస్ ఉదయం పది గంటలకు వేశాం. సందేశం లేదు, గంటలు లేవు. పాట, పాట మధ్యలో సువార్తమ్మ కబుర్లు, అంతే.

అంతకుముందు వాళ్ల పాస్టర్ గారు ఫోను చేసి, ఈ పాటకు తమ చర్చి పేరు కలపవద్దని మర్యాదగా చెప్పారు. కలపలేదు. సాయంత్రం మళ్లీ ఆయనే ఫోను చేశారు. "చాలామంది అడుగుతున్నారమ్మా, మా చర్చి పేరు ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది." పెద్దమనుషులతో పని చేసేటప్పుడు మొదటి ఫోనుకు బాధపడకండి, రెండోది వస్తుంది.

ఆ రోజు మాకు వచ్చినన్ని ఫోన్లు అంతకుముందు ఏ పండగకూ రాలేదు. వనస్థలిపురం నుంచి ఒకాయన, "మీ రేడియో ఖరాబైందా, మధ్యల పాట ఆగింది," అన్నాడు. పక్కనుంచి వాళ్లావిడ గొంతు వినపడింది: "ముందుగాల చెప్పింది గదయ్యా, నువ్వెక్కడిన్నవ్! నేను గా రెండు చుట్లు తిరిగిన." చీర కొంగు దోపుకుని వంటింట్లో తిరిగామన్నవాళ్లు ఇంకా చాలామంది. వాళ్లలో సగం మంది ఏనాడూ చర్చి గుమ్మం తొక్కనివాళ్లు. అటువంటి ఫోను ఒక్కటి వచ్చినా ఈ ఉద్యోగం చేసినందుకు ఫలితం దక్కినట్టే.

మర్నాడు పొద్దున టిఫిన్ బండి దగ్గరకు వెళ్లాను.

"అత్త విన్నదా?"

"ఇన్నది మేడమ్. అందరికి ఇనబడాలని మార్తమ్మ రేడియో సౌండు మొత్తం పెంచింది. గుమ్మం కాడ ఇరవై మంది నిలబడ్డరు. గా రెండు చుట్లు వచ్చినప్పుడు అత్త కండ్లు మూసుకున్నది. పెదాలు కదిలినయి. ఒక్కటే తీరుగ కదిలినయి, ఆగలే. చప్పట్లకు సరిగ్గ కదిలినయి." దోసె పెనం మీద మాడుతోంది. ఆమె చూడలేదు. "నేను మంచం దిక్కు ఉరికి చెవి పెట్టిన. రేడియో సప్పుడుకు ఏం ఇనబడలే."

"తర్వాత అడిగారా?"

"అడిగినం. 'పాడిన గదే, ఇన్లేదా?' అన్నది. మళ్ల పాడమంటే రాలే."

రాహేలమ్మ 2020 ఫిబ్రవరి 11న, మంగళవారం పోయింది.

పాటలో చరణాలు ఇరవై ఒకటి. మా దగ్గర ఉన్నవి పందొమ్మిది. పోయినవి రెండు: గాడిదది ఒకటి, మరియమ్మ తల్లిది ఒకటి.